ప్రార్థన: అడగడం నుంచి అర్పించుకోవడం దాకా

తనకంటే గొప్పదని నమ్మిన శక్తితో మనిషి మాట్లాడుకోవడమే ప్రార్థన. ఆ మాట పైకి వినిపించవచ్చు, పెదవుల మీదే ఆగిపోవచ్చు, మనసు దాటి బయటికి రాకపోవచ్చు. పూజలో దీపం, పువ్వు, నైవేద్యం ఉంటాయి. జపంలో ఒకే నామం మళ్లీ మళ్లీ వస్తుంది. ధ్యానంలో మనసు ఒకచోట నిలుస్తుంది. ప్రార్థన వీటన్నిటితోనూ కలిసి ఉండగలదు, ఇవేవీ లేకుండానూ ఉండగలదు. దానికి కావలసినవి రెండే: చెప్పుకోవడానికి ఒక మనసు, వినేవాడు ఉన్నాడన్న నమ్మకం. అందుకే మంచం దిగలేని రోగి, చినుకు కోసం ఎదురుచూసే రైతు, పరీక్ష గది బయట నిలబడ్డ విద్యార్థి ఎక్కడివాళ్లక్కడే ప్రార్థన చేసుకోగలుగుతున్నారు. మతానికి సంబంధించిన ఆచారాల్లో ఇంత తేలికైనది, ఇంత లోతైనది మరొకటి లేదు.

ప్రార్థన గురించి ఆలోచించే ప్రతివారికీ ఒక ప్రశ్న ఎదురవుతుంది. దేవుడు అన్నీ తెలిసినవాడైతే, మనిషి తన అవసరాన్ని మళ్లీ నోరు తెరిచి చెప్పుకోవడం ఎందుకు? అడిగితేనే ఇచ్చేవాడైతే ఆయనది దయ ఎలా అవుతుంది? ఈ ప్రశ్న కొత్తదేమీ కాదు. 13వ శతాబ్దంలో క్రైస్తవ తత్త్వవేత్త థామస్ అక్వినాస్ దీన్నే తీసుకుని జవాబు చెప్పారు. ప్రార్థన దేవుడికి తెలియనిది తెలియజెప్పడానికి కాదనీ, దైవసహాయం తనకు అవసరమన్న సంగతి మనిషి తనకు తాను గుర్తు చేసుకోవడానికనీ ఆయన వివరించారు. భారతీయ భక్తి సంప్రదాయం కూడా దాదాపు ఈ దారిలోనే నడిచింది. ప్రార్థన దేవుడి మనసు మార్చే సాధనం కాదు. ప్రార్థించేవాడి మనసును మార్చే సాధన. ప్రార్థనలో ఉన్న రకాలను ఒక్కొక్కటిగా పరిశీలిస్తే ఈ మార్పు ఎలా జరుగుతుందో తెలుస్తుంది.

అన్నిటికంటే ముందుగా చెప్పుకోవలసింది ఆపదలో పుట్టే మొర. తెలుగువారికి దీనికి గొప్ప ఉదాహరణ గజేంద్రుడు. భాగవతం అష్టమ స్కంధంలోని ఈ కథను పోతన తెలుగు చేసిన తర్వాత అది ఇంటింటి కథ అయింది. మొసలి కాలు పట్టుకోగానే గజేంద్రుడు దేవుణ్ణి పిలవలేదు. ఏళ్ల తరబడి తన బలంతోనే పోరాడాడు. ఆ బలం ఉడిగాక, వెంట ఉన్న ఏనుగులు ఏమీ చేయలేకపోయాక, మొర మొదలైంది. ఆ మొరలో ఒక దేవుడి పేరంటూ లేదు. ఈ జగత్తు ఎవరివల్ల పుట్టి ఎవరిలో లయిస్తుందో ఆయన రావాలన్నదే ప్రార్థన. పోతన గజేంద్రుడు ఒక క్షణం సందేహిస్తాడు కూడా: ఉన్నాడంటున్న ఆ దేవుడు నిజంగా ఉన్నాడా అని. ఆ సందేహం ప్రార్థనను చెడగొట్టలేదు, ఆపలేదు. సందేహంతో కూడిన నమ్మకం కూడా నమ్మకమేనని ఈ ఘట్టం చెబుతుంది. మూలమైన సంస్కృత భాగవతంలో మరో విశేషం ఉంది. మొసలి పట్టు విడిపించమని మొదలైన ఆ స్తోత్రం చివరికి వచ్చేసరికి, ఈ ఏనుగు బతుకు మీద తనకు ఆశ లేదనీ, లోపల కమ్ముకున్న అజ్ఞానం నుంచి విముక్తి కావాలనీ గజేంద్రుడు అంటాడు. కాలు ఇంకా మొసలి నోట్లోనే ఉంది. కోరిక మాత్రం మారిపోయింది.

అడగడం తక్కువ రకం భక్తి అని కొందరు అనుకుంటారు. భగవద్గీత అలా అనలేదు. ఏడో అధ్యాయంలో కృష్ణుడు తనను ఆశ్రయించేవారిని నాలుగు విధాలుగా చెప్పాడు: ఆపదలో ఉన్నవాడు, తెలుసుకోవాలనుకునేవాడు, సంపద కోరేవాడు, జ్ఞాని. వీరిలో జ్ఞాని తనకు అత్యంత ప్రియుడంటూనే, నలుగురూ ఉదారులేనన్నాడు. బిడ్డ జ్వరం తగ్గాలని దండం పెట్టే తల్లినీ, ఉద్యోగం రావాలని కోరుకునే యువకుణ్ణీ ఈ మాట గౌరవించింది. మనిషి ఏ అవసరంతో వచ్చినా రావడమే ముఖ్యం. వచ్చినవాడు అక్కడే ఆగిపోతాడా, ముందుకు సాగుతాడా అన్నది ఆ తర్వాతి సంగతి.

కోరికతో ముడిపడిన ప్రార్థన తెలుగునాట మొక్కు రూపం తీసుకుంది. తిరుమలలో తలనీలాలు ఇస్తారు. వేములవాడ రాజన్నకు కోడె మొక్కు చెల్లిస్తారు. మేడారంలో సమ్మక్క, సారలమ్మలకు తమ ఎత్తు బెల్లం తూచి, దాన్ని బంగారం అని పిలుస్తూ సమర్పిస్తారు. పైపైన చూస్తే ఇది దేవుడితో బేరంలా కనిపిస్తుంది. అయితే మొక్కుకున్నవాడు మాట ఇస్తున్నాడు. ఆపద గడిచాక మరిచిపోనని తనకు తానే కట్టడి పెట్టుకుంటున్నాడు. మొక్కు తీర్చుకోవడానికి నడిచే దారి అంతా కృతజ్ఞతే. నెల్లూరు స్వర్ణాల చెరువు ఒడ్డున, బారాషహీద్ దర్గా దగ్గర మొహర్రం మాసంలో జరిగే రొట్టెల పండుగ ఈ విషయాన్ని మరింత చక్కగా చూపిస్తుంది. చదువు, ఉద్యోగం, పెళ్లి, సంతానం, ఆరోగ్యం అంటూ ఒక్కో కోరికకు ఒక్కో రొట్టె ఉంటుంది. కోరిక ఉన్నవారు, అదే కోరిక తీరినవారి చేతి నుంచి రొట్టె అందుకుంటారు. తమ కోరిక నెరవేరాక మళ్లీ వచ్చి, మరొకరికి రొట్టె ఇస్తారు. హిందువులూ, ముస్లింలూ, క్రైస్తవులూ ఆ నీళ్లలోనే నిలబడతారు. తన కోసం అడిగిన మనిషి మరొకరి ఆశకు ఆసరాగా నిలిచే ఏర్పాటు అది.

అడగడంలోనే మరో మెట్టు నిష్ఠూరం. దేవుడి మీద అలగడం, కోప్పడటం, లెక్క అడగడం కూడా ప్రార్థనలేనని భద్రాచల రామదాసు జీవితం చెబుతుంది. రామదాసుగా పేరొందిన నేలకొండపల్లివాసి కంచర్ల గోపన్న 17వ శతాబ్దంలో పాల్వంచ పరగణా తహశీల్దారుగా పనిచేశాడు. ప్రభుత్వ పన్ను సొమ్ముతో భద్రాద్రి రాముడికి ఆలయం కట్టించాడన్న నేరం మీద గోల్కొండ కోటలో బందీ అయ్యాడు. ఆయన కీర్తనల్లో వేడుకోలు ఉంది, దెప్పిపొడుపు ఉంది, చేయించిన నగల ఖర్చును ఏకరువు పెట్టడం ఉంది. కోపంలో అన్న మాటలకు వెంటనే క్షమాపణ కోరడమూ ఉంది. బైబిల్లో 150 కీర్తనల గ్రంథం ఉంది. అందులో ఎన్నో విలాపాలు ఇలాంటివే. దేవుడు తనను మరిచిపోయాడా అని భక్తుడు సూటిగా ప్రశ్నిస్తాడు. ఈ నిష్ఠూరంలో ఒక చనువు ఉంది. దగ్గరివాడన్న భావం లేనిచోట అలక పుట్టదు. బాధను దాచుకుని పైపై మాటలతో స్తుతించడం కంటే, ఉన్న బాధను ఉన్నట్టు చెప్పుకోవడమే నిజమైన ప్రార్థన. మనసులో ఉన్నదీ నోటితో అన్నదీ ఒకటి కావడం ప్రార్థన నేర్పే మొదటి నిజాయితీ.

ఆ నిజాయితీ తన తప్పుల వైపు తిరిగినప్పుడు పశ్చాత్తాపం అవుతుంది. సంధ్యావందనంలో సూర్యుడికి అర్ఘ్యం, గాయత్రీ జపం అందరికీ తెలిసినవే. వాటికి ముందు వచ్చే మంత్రాల్లో, రాత్రి గానీ పగలు గానీ మనసుతో, మాటతో, చేతులతో, కాళ్లతో చేసిన పాపాల నుంచి రక్షించమన్న వేడికోలు ఉంది. రోజుకు రెండుసార్లు తన నడత లెక్క తానే చూసుకునే ఏర్పాటు అది. ఇస్లాంలో తౌబా అంటే చేసిన తప్పుకు బాధపడి, దాన్ని వదిలిపెట్టి, మళ్లీ చేయనని నిశ్చయించుకుని అల్లాహ్ వైపు మరలడం. తోటి మనిషి హక్కును హరించి ఉంటే అది తిరిగి ఇస్తేనే ఆ తౌబా పూర్తవుతుందని ధర్మవేత్తలు చెబుతారు. ఏసుక్రీస్తు కొండమీది ప్రసంగంలో ఇదే విషయాన్ని మరో విధంగా చెప్పారు. బలిపీఠం దగ్గర కానుక పెట్టబోతూ, సోదరుడికి తన మీద మనస్తాపం ఉందని గుర్తుకొస్తే, కానుకను అక్కడే వదిలి ముందు వెళ్లి అతనితో సమాధానపడాలి. ఇక్కడ ఈ రెండు మతాలదీ ఒకటే మాట: మనిషికి చేసిన అన్యాయాన్ని సరిదిద్దకుండా దేవుణ్ణి మాత్రం శాంతింపజేయడం కుదరదు.

ప్రపంచంలో అత్యధికులు ప్రతిరోజూ చెప్పుకునే ప్రార్థనల్లో మూడింటిని పక్కపక్కన పెట్టి చూడటం ఎంతో ఉపయోగకరం. ఋగ్వేదం మూడో మండలంలో విశ్వామిత్రుడు దర్శించిన గాయత్రీ మంత్రం ధనం అడగదు, విజయం అడగదు. బుద్ధిని వెలుగు వైపు నడిపించమని మాత్రమే కోరుతుంది. ఖురాన్ మొదటి అధ్యాయమైన ఫాతిహాలో ఏడు వాక్యాలున్నాయి. సర్వలోకాల ప్రభువును స్తుతించి, ఆయననే ఆరాధిస్తామనీ ఆయననే సాయం కోరుతామనీ ప్రకటించి, చివరికి సరైన మార్గం చూపమని అది వేడుకుంటుంది. ఐదు పూటల నమాజులో విధిగా చేసే 17 రకాత్‌ల (ఆవృత్తుల)లోనూ ఇది ఉంటుంది. ఏసు తన శిష్యులకు నేర్పిన పరలోక ప్రార్థనలో ముందు దేవుడి నామం, ఆయన రాజ్యం, ఆయన చిత్తం వస్తాయి. ఆ తర్వాతే అన్నం ప్రస్తావన. అదీ ఆ రోజుకు సరిపడా మాత్రమే. ఇతరులను క్షమించినట్లే తమనూ క్షమించమన్న షరతు కూడా అందులోనే ఉంది. ఈ మూడూ ఒక్కరే కూర్చుని చెప్పుకోదగ్గవి. అయినా మూడింటిలోనూ అడిగేది అందరి కోసం. తన గదిలో ఒంటరిగా ఉన్న మనిషి కూడా, తనతోపాటు ఊరినీ లోకాన్నీ వెంటబెట్టుకుని దేవుడి ముందుకు వెళ్లాలన్నది వీటిలోని శిక్షణ.

ఇలాంటి నియత ప్రార్థనలకూ, సొంత మాటల్లో చేసుకునే ప్రార్థనకూ ఉన్న సంబంధాన్ని అర్థం చేసుకోవాలి. నమాజు నిర్ణీత రూపంలో సాగుతుంది. దుఆ మనిషి తన భాషలో తన అవసరాన్ని చెప్పుకునేది. సంధ్యావందనం క్రమం తప్పనిది. ఇలవేల్పు పటం ముందు ఇల్లాలు చెప్పుకునే మాటలకు ఏ క్రమమూ లేదు. రెండూ అవసరమే. మనసు ఎండిపోయిన రోజున సొంత మాటలు రావు. అప్పుడు పెద్దలు ఇచ్చిన మాటలే మనిషిని నిలబెడతాయి. నోటికి వచ్చిన మాటలు అలవాటుగా దొర్లిపోయే రోజున, సొంతంగా చెప్పుకున్న ఒక్క వాక్యం ప్రార్థనకు ప్రాణం పోస్తుంది.

అసలు ఏదీ అడగని ప్రార్థనలు కూడా ఉన్నాయి. జైనుల నమోకార మంత్రం అర్హంతులు, సిద్ధులు, ఆచార్యులు, ఉపాధ్యాయులు, సాధువులు అనే ఐదు వర్గాలకు నమస్కరిస్తుంది. అందులో ఒక వ్యక్తి పేరు లేదు, ఒక కోరిక లేదు. సృష్టికర్త అయిన దేవుణ్ణి అంగీకరించని బౌద్ధంలో మైత్రీ భావన ఉంది. సకల ప్రాణులూ సుఖంగా ఉండాలన్న తలపును తన నుంచి ఆత్మీయులకూ, అక్కడి నుంచి అపరిచితులకూ, చివరికి శత్రువులకూ విస్తరింపజేసే సాధన అది. భాగవతంలో ప్రహ్లాదుడి ఉదాహరణ కూడా ఇక్కడ చెప్పదగ్గది. నరసింహస్వామి వరం కోరుకోమన్నప్పుడు, ప్రతిఫలం కోసం సేవించేవాడు భక్తుడు కాడనీ, వర్తకుడనీ అతడు అన్నాడు. తన హృదయంలో కోరికలే పుట్టకుండా చేయమన్నాడు. ఆ తర్వాత, తనను చంపించాలని చూసిన తండ్రికి పాపవిముక్తి కలగాలని వేడుకున్నాడు. 8వ శతాబ్దంలో బస్రాలో జీవించిన సూఫీ సాధ్వి రాబియా కూడా ఇదే చెప్పిందంటారు. నరకభయంతోనో స్వర్గంపై ఆశతోనో కాక, దైవాన్ని దైవం కోసమే ప్రేమించాలన్నది ఆమె పేరు మీద ప్రసిద్ధమైన ప్రార్థన.

ఇక అన్నిటికంటే కష్టమైన సంగతి, ఫలించని ప్రార్థన. ఎంత వేడుకున్నా బిడ్డ దక్కకపోవచ్చు, అప్పు తీరకపోవచ్చు, విడిపోయిన మనిషి తిరిగి రాకపోవచ్చు. అప్పుడు, నమ్మకం చాల్లేదని బాధితుణ్ణి నిందించడం క్రూరత్వం. మహాభక్తుల ప్రార్థనలు కూడా అన్నీ అడిగినట్టు నెరవేరలేదు. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో, ఆ చేదు పాత్రను తన నుంచి తొలగించమని ఏసు ప్రార్థించారు. తన ఇష్టం కాదు, తండ్రి ఇష్టమే జరగాలని కూడా అన్నారు. పాత్ర తొలగలేదు. దాన్ని తాగే ధైర్యం మాత్రం కలిగింది. కురుక్షేత్ర యుద్ధం ముగిశాక కుంతి కృష్ణుణ్ణి కష్టాలే ఇమ్మని కోరిందని భాగవతం చెబుతుంది. కష్టంలోనే కృష్ణుడి దర్శనం దొరికిందన్నది ఆమె అనుభవం. అందరూ కుంతిలా కోరుకోలేరు, కోరుకోనక్కర్లేదు. కానీ కష్టంలో ఒంటరిని కానన్న భావం ప్రార్థన ఇచ్చే ఫలాల్లో ఒకటని అందరూ గ్రహించగలరు.

ఈ సందర్భంలో ప్రార్థనకున్న హద్దును కూడా గుర్తించాలి. అమెరికాలో గుండె బైపాస్ శస్త్రచికిత్స చేయించుకున్న 1,802 మంది రోగులపై జరిగిన ఒక పెద్ద అధ్యయనం 2006లో వెలువడింది. ఎక్కడో ఉన్నవారు ఆ రోగుల కోసం చేసిన ప్రార్థన వల్ల వారికి శస్త్రచికిత్స అనంతర ఇబ్బందులు తగ్గలేదని అందులో తేలింది. ప్రార్థనను మందులా కొలవడం కుదరదని అర్థం చేసుకోవడానికి ఇది చాలు. మందు మానేసి ప్రార్థన మీదే ఆధారపడమని ఎవరు చెప్పినా అది ప్రమాదకరమైన సలహా. వైద్యుడి చేయి, మందు, పథ్యం కూడా దైవానుగ్రహమేనని నమ్మేవాడికి వైద్యానికీ ప్రార్థనకూ మధ్య వైరం కనిపించదు. ప్రార్థన రోగికి ధైర్యాన్నీ ఊరటనూ ఇస్తుంది. మందు చేయాల్సిన పని మందు చేస్తుంది.

అడగడం, అలగడం, తప్పు ఒప్పుకోవడం, కృతజ్ఞత చెప్పుకోవడం అన్నీ దాటిన మెట్టు శరణాగతి. శ్రీవైష్ణవ ఆచార్యులు దీనికి ఆరు అంగాలు చెప్పారు. భగవంతుడికి అనుకూలంగా నడవాలన్న సంకల్పం మొదటిది. ఆయనకు ప్రతికూలమైనది విడిచిపెట్టడం రెండోది. తప్పక రక్షిస్తాడన్న మహావిశ్వాసం మూడోది. రక్షించమని కోరడం నాలుగోది. తనను తాను అప్పగించుకోవడం, తన నిస్సహాయతను ఒప్పుకోవడం మిగిలిన రెండూ. ఈ జాబితాను జాగ్రత్తగా చూస్తే, శరణాగతి చేతులు ముడుచుకుని కూర్చోవడం కాదని తెలుస్తుంది. మొదటి రెండు అంగాలూ నడవడికకు సంబంధించినవే. తన బతుకు తీరును మార్చుకోవడానికి సిద్ధపడనివాడి నోట శరణు అన్న మాట అర్థాన్ని కోల్పోతుంది.

అందుకే ప్రార్థన ఫలితాన్ని పూజగదిలో కంటే బయటే ఎక్కువగా చూడాలి. భాగవతం నవమ స్కంధంలో రంతిదేవుడనే రాజు 48 రోజుల ఉపవాసం తర్వాత దొరికిన అన్నాన్ని వచ్చిన అతిథులకు పంచిపెట్టాడు. చివరికి మిగిలిన నీళ్లను కూడా దాహంతో వచ్చినవాడికి ఇచ్చాడు. అప్పుడతడు తనకు మోక్షం కూడా వద్దనీ, ప్రాణులందరి లోపల ఉండి వారి దుఃఖాన్ని తాను అనుభవించాలనీ ప్రార్థించాడు. ఆధునిక కాలంలో రఘుపతి వెంకటరత్నం నాయుడు జీవితం దీనికి దగ్గరగా ఉంటుంది. బ్రహ్మసమాజ ప్రార్థనలను నియమంగా పాటించిన ఆ విద్యావేత్త, కాకినాడలో అనాథలకు ఆశ్రయం కల్పించారు, అంటరానివారని లోకం దూరం పెట్టిన పిల్లల్ని అక్కున చేర్చుకున్నారు. గాంధీజీ తెల్లవారుజామున, సాయంత్రం జరిగే ప్రార్థనను దినచర్యలో విడదీయరాని భాగం చేసుకున్నారు. ఆయన ఆశ్రమంలో వివిధ మతాల ప్రార్థనలు ఒకేచోట వినిపించేవి. ఉద్యమాలు, ఉపవాసాలు, కారాగారాలు ఏవీ ఆ నియమాన్ని ఆపలేదు. 1948 జనవరి 30న ప్రార్థన సభకు నడిచి వెళ్తుండగానే ఆయన నేలకొరిగారు. ప్రార్థనంటే అడగడం కాదనీ, తన బలహీనతను ప్రతిరోజూ ఒప్పుకోవడమనీ ఆయన భావన.

నిత్యజీవితంలో ప్రార్థనను నిలుపుకోవడానికి అన్ని సంప్రదాయాలూ దాదాపు ఒకే రకమైన సూచనలు ఇచ్చాయి. వేళ స్థిరంగా ఉండాలి. సంధ్యలు, ఐదు పూటల నమాజు, చర్చి గంటలు అందుకే ఏర్పడ్డాయి. శరీరం కూడా పాలుపంచుకోవాలి. స్నానం, ఆచమనం, నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే వజూ, చేతులు జోడించడం, మోకరిల్లడం, సాష్టాంగపడటం మనసును ఒక చోటికి తెస్తాయి. ఆడంబరం వద్దు. గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని ప్రార్థించమని ఏసు చెప్పింది, నలుగురూ చూడాలని చేసే ప్రార్థన నుంచి కాపాడటానికే. మనసు పక్కకు పోవడం సహజం. అర్జునుడు కూడా మనసును పట్టుకోవడం గాలిని పట్టుకోవడమంత కష్టమన్నాడు. దానికి కృష్ణుడు ఇచ్చిన జవాబు అభ్యాసం, వైరాగ్యం. పోయిన మనసును తిట్టుకోకుండా మళ్లీ వెనక్కి తెచ్చుకోవడమే అభ్యాసం. మాటలు తక్కువైనా ఫరవాలేదు, రోజూ ఉండాలి. చెప్పుకోవడం అయ్యాక కొంతసేపు మౌనంగా కూర్చోవడమూ ప్రార్థనలో భాగమే.

ఇంతకూ వ్యక్తిగత మతజీవితంలో ప్రార్థన ప్రయోజనం ఏమిటంటే, అది మనిషికి తన హద్దు తెలియజేస్తుంది, దాంతోపాటే ధైర్యమూ ఇస్తుంది. బాధను దాచకుండా చెప్పుకునే చోటు చూపిస్తుంది. తప్పు ఒప్పుకునే అలవాటు చేస్తుంది. అందుకున్నదానికి కృతజ్ఞత నేర్పుతుంది. తన కోసం మొదలైన కోరికను పదిమంది కోసం విస్తరింపజేస్తుంది. చివరికి కోరికనే అర్పించుకోగల స్థితికి చేరుస్తుంది. అందరూ ఆ చివరి మెట్టు చేరకపోవచ్చు. ఏ మెట్టు మీద ఉన్నవారికైనా ఆ ప్రార్థన విలువైనదే. దాని నాణ్యతను తెలుసుకోవడానికి ఒకటే గుర్తు: ప్రార్థన చేసి లేచిన మనిషి, తోటివారితో అంతకుముందు కంటే కాస్త ఎక్కువ సత్యంగా, కాస్త ఎక్కువ దయగా ఉండగలుగుతున్నాడా అన్నదే.